పట్టేసిన జావా: బోరింగుకు ముందు క్రాంకు చూడండి

అనంతపురం, గుత్తి, తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో, దొడ్లో టార్పాలిన్ కింద ఒక పాత జావానో యెజ్డీనో మోటారుసైకిలు నిలబడి ఉండటం ఇప్పటికీ మామూలే. వాటిని చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బండ్లు మాత్రం మిగిలాయి. వాటిని మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాళ్ళు దాదాపు అందరూ ఒకే దారిలో పోతారు. హెడ్డు విప్పుతారు, సిలిండరు లాగుతారు, పిస్టను మీద గీతలు చూసి "బోరు పోయింది" అంటారు. బోరింగు చేయించి (సిలిండరు లోపలి గొట్టాన్ని కోసి పెద్దది చేయించి) కొత్త పిస్టను, రింగులు వేస్తారు. బండి మొదటి కిక్కుకే లేస్తుంది. నెల తిరక్కుండానే మళ్ళీ పట్టేస్తుంది, అంటే పిస్టను సిలిండరులో బిగుసుకుపోతుంది.

ఇక తిట్లన్నీ బోరింగు చేసినాయనకే. చాలాసార్లు ఆయన తప్పేమీ ఉండదు. పిస్టను మీది గీతలకు కారణం పిస్టను దగ్గర దొరకదు, దానికి జానెడు కింద, పిస్టను తిప్పే ఇరుసైన క్రాంకు చుట్టూ గాలి పోకుండా ఆపే సీళ్ళ దగ్గర దొరుకుతుంది.

ఫోర్‌స్ట్రోకు బండిలో క్రాంక్‌కేసు అంటే ఆయిలు తొట్టి. అక్కడ కాస్త లీకయితే నేల మీద మరక పడుతుంది, బండి నడుస్తూనే ఉంటుంది. టూస్ట్రోకులో ఆ గది ఒక పంపు. పిస్టను పైకి పోయేటప్పుడు కార్బురేటరు నుంచి గాలిని, పెట్రోలును, ఆయిలును కిందికి లాక్కుంటుంది. కిందికి దిగేటప్పుడు దాన్నే నొక్కి ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా పైకి తోస్తుంది. ఆ పంపులో ఎక్కడ సందు ఉన్నా, కార్బురేటరు జెట్టు కొలిచి ఇచ్చిన పెట్రోలుకు లెక్కలో లేని గాలి వచ్చి కలుస్తుంది. మిశ్రమం పల్చబడుతుంది, పిస్టను వేడెక్కుతుంది. ఆయిలు వచ్చేది కూడా ఆ పెట్రోలుతోనే కాబట్టి వేడి పెరిగిన సమయానికే ఆయిలు కూడా తగ్గుతుంది. అందుకే జావా ఇంజనును కింది నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. పిస్టను గురించి ఆలోచించాల్సింది చివర్లో.

విప్పకముందే బండి కొంత చెబుతుంది. డైనమో పక్క సీలు పోతే ఇంజను బయటి గాలి పీలుస్తుంది. ఐడిలింగు ఒకచోట నిలవదు, యాక్సిలరేటరు వదిలినా కాసేపు అరుస్తూనే ఉంటుంది, డైనమో కవరు తీస్తే లోపల నల్లటి జిడ్డు కనిపిస్తుంది. క్లచ్ పక్క సీలు పోతే గేరు ఆయిలును పీలుస్తుంది. చిక్కటి తెల్ల పొగ వస్తుంది, ప్లగ్గు తడిసి ఉంటుంది, గేర్‌బాక్సులో ఆయిలు తగ్గుతూ పోతుంది, నేల మీద మాత్రం చుక్క పడదు. గేరు ఆయిలు వాసన చూడండి. పెట్రోలు వాసన కొడుతూ నీళ్ళలా ఉంటే ఆ సీలు రెండు దిక్కులా లీకవుతోందని అర్థం. యమహా ఆర్‌ఎక్స్ 100కూ ఇదే లెక్క, పక్కలు తారుమారు. జావాకు క్లచ్ ఎడమన, డైనమో కుడిన. ఆర్‌ఎక్స్‌కు క్లచ్ కుడిన, మ్యాగ్నెట్ ఎడమన.

ఊడదీసిన పాత పిస్టనును వెంటనే గుజిరీకి వేయకండి. కడక్కుండా ఎండ వెలుతురులో నాలుగు దిక్కులా తిప్పి చూడండి. నాలుగు మూలల్లో సన్నటి నిలువు గీతలుంటే, ఇంజను వేడెక్కకముందే గట్టిగా తోలారు, లేదా బోరుకూ పిస్టనుకూ మధ్య సందు చాలలేదు. పిస్టను అల్యూమినియం, తొందరగా ఉబ్బుతుంది. సిలిండరు పోత ఇనుము, నిదానంగా ఉబ్బుతుంది. సైలెన్సరు పక్క మాత్రమే రాసుకుపోయి ఉంటే మిశ్రమం పల్చబడింది, లేదా టైమింగు (ప్లగ్గు నిప్పు వేసే క్షణం) ముందుకు జరిగింది. కార్బురేటరు పక్క రాసుకుపోతే ఆయిలు చాలలేదు, లేదా దుమ్ము పోయింది. నెత్తి మీద అంచులు చీమలు కొరికినట్టు గుంటలు పడి ఉంటే టైమింగు చూడాల్సిందే.

దుమ్ము సంగతి ఈ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్రమట్టి దుమ్ములో ఉండేది సన్నటి ఇసుక. ఫోర్‌స్ట్రోకులో ఫిల్టరు దాటిన దుమ్ము నేరుగా పైకి పోయి బోరును తింటుంది. టూస్ట్రోకులో ఆ గాలంతా ముందు క్రాంక్‌కేసులోకే దిగుతుంది కాబట్టి మొదట తినేది క్రాంకును మోసే మెయిన్ బేరింగులను, పిస్టనును క్రాంకుతో కలిపే కాన్‌రాడ్ కింది చివర ఉండే బిగ్‌ఎండును. "ఎత్తుకుంటుంది" అని ఫిల్టరు పీకేసి తోలిన బండి దొరికితే బోరు ఎంత బాగున్నా క్రాంకు విప్పే తీరాలి.

విప్పడంలో తొందర పనికిరాదు. పాత గాటు స్క్రూలకు ఇంపాక్ట్ డ్రైవరు వాడండి. మామూలు స్క్రూడ్రైవరుతో ప్రయత్నిస్తే తలలు అరిగిపోయి, డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. ఇంజను లోపలి నట్లలో కొన్నింటికి ఎడమ మరలు ఉంటాయి. మరల దిక్కు చూడకుండా పైపు తొడిగి బలం పెడితే షాఫ్టు మరలే పోతాయి. క్రాంకు తిరగకుండా ఆపడానికి పోర్టులోనో చైనులోనో స్క్రూడ్రైవరు ఇరికించకండి. సిలిండరు తీశాక, పిస్టనును పట్టి ఉంచే గడ్జన్ పిన్ను కాన్‌రాడ్‌లోకి దూర్చి, దాని కింద క్రాంక్‌కేసు మూతి మీద రెండు చెక్కముక్కలు పెడితే చాలు. ఇంజను స్ప్రాకెట్టును పుల్లరుతోనే లాగాలి. సుత్తితో కొడితే స్ప్రాకెట్టు ఊడొచ్చేలోగా క్రాంకు వంకర పోతుంది. క్లచ్ బుట్ట, ప్రైమరీ చైను, స్ప్రాకెట్టు మూడూ కలిపి ఒకేసారి బయటికి తీయాలి. ప్రతి షాఫ్టు నుంచీ వచ్చిన షిమ్ములు (సందు సరిచేసే సన్నటి రేకులు), వాషర్లు వచ్చిన వరసలోనే కరెంటు తీగకు గుచ్చి చీటీ కట్టండి. షిమ్ము వరస తప్పితే తర్వాత గేర్లు పడవు, కారణం తెలియడానికి కేసు మళ్ళీ విప్పాలి.

ఇప్పుడు క్రాంకు. ముందు కిరోసిన్‌లో బాగా కడిగి ఆరనివ్వండి, ఎందుకంటే ఆయిలు ఉంటే ప్లే (వదులు) దాక్కుంటుంది. బిగ్‌ఎండు పైకి వచ్చేలా తిప్పి, కాన్‌రాడ్‌ను రెండు చేతులతో నిటారుగా పైకి లాగి కిందికి నొక్కండి. టిక్కుమని ఏ మాత్రం తగిలినా బిగ్‌ఎండు పోయినట్టే. చిన్న చివర పట్టుకుని అటూ ఇటూ పక్కకు ఊపితే కొద్దిగా కదలడం మాత్రం సహజం. దాన్ని చూసి బాగున్న క్రాంకును ప్రెస్సుకు ఎక్కించేవాళ్ళున్నారు, అది అనవసరపు పని.

బిగ్‌ఎండు మార్చాలంటే కాన్‌రాడ్, పిన్ను, కేజ్ రోలర్లు, పక్క వాషర్లు ఉన్న పూర్తి కిట్టు తీసుకోండి. పాత పిన్ను మీద కొత్త రోలర్లు వేస్తే నెలలు కూడా నిలవదు. ప్రెస్సు ఎక్కించే ముందు రెండు పనులు చేయాలి. క్రాంకు రెండు పక్కల పళ్ళేలైన వెబ్బుల బయటి వెడల్పును వెర్నియరుతో నాలుగు చోట్ల కొలిచి రాసుకోవాలి. రెండు వెబ్బుల అంచుల మీదుగా స్టీలు స్కేలు ఆనించి సూదిమొనతో ఒక గీత గీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలిస్తే సెంటరు దాదాపు కుదిరినట్టే, మిగిలింది డయల్ గేజ్ (సన్నటి తేడాను ముల్లుతో చూపే సాధనం) చూసుకుంటుంది. బోరు మోటార్లు, ట్రాక్టరు పనులు చేసే లేతు షాపుల్లో ప్రెస్సు ఉంటుంది. అడగాల్సింది డయల్ గేజ్ గురించి. "కంటితో చూసి సరిచేస్తాం" అన్నచోట క్రాంకు ఇవ్వకండి. అనంతపురంలో దొరక్కపోతే బెంగళూరు ఎంతో దూరం లేదు. కిట్టు కోసం ఎలాగూ అక్కడి జేసీ రోడ్డు స్పేరుపార్టుల బజారుకు పోయేవాళ్ళే ఎక్కువ, క్రాంకును కూడా సంచిలో పెట్టుకుపోవచ్చు.

క్రాంకును రెండు సెంటర్ల మధ్య పెట్టి, బేరింగు కూర్చునే చోట రెండు పక్కలా డయల్ గేజ్ ఆనించి నిదానంగా తిప్పితే ముల్లు మొత్తం ఊపు 0.03 మి.మీ. దాటకూడదు. 0.02 వస్తే ఇంకా మంచిది. ఒక పక్క ముల్లు లేస్తుంటే రెండో పక్క దిగుతుంటే, ఒక వెబ్బు రెండోదానితో పోలిస్తే మెలి తిరిగిందని అర్థం. లేచిన చోట రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేసి మళ్ళీ కొలవాలి. రెండు పక్కలా ఒకేసారి లేస్తుంటే వెబ్బులు దగ్గరగానో ఎడంగానో జరిగాయి. వాటి మధ్య చీల దూర్చో, బయటి నుంచి వైసులో నొక్కో సరిచేయాలి. ఈ పని గంట పట్టవచ్చు, పట్టనివ్వండి. నిమిషానికి 4500 చుట్లు తిరిగే ఇంజనులో షాఫ్టు సెకనుకు 75 సార్లు సీలు పెదవిని పక్కకు నెడుతుంది. వంకర క్రాంకుకు ఎంత ఖరీదైన సీలు వేసినా నిలవదు.

మెయిన్ బేరింగుల మీద చెక్కిన నంబరు చదివి అదే నంబరు తీసుకోండి, చివర సీ3 అని ఉండాలి. సీ3 అంటే లోపల మామూలు కంటే కొంచెం ఎక్కువ సందు ఉన్న బేరింగు. బిగువుగా కూర్చున్న కేసు బయటి రింగును నొక్కుతుంది, క్రాంకు వేడి లోపలి రింగును ఉబ్బిస్తుంది. మామూలు బేరింగు వేస్తే ఆ రెండింటి మధ్యా బిగుసుకుపోయి ఊళ వేస్తుంది. కేసులోకి బేరింగును సుత్తితో దింపడం పెద్ద తప్పు. ముందు రోజు రాత్రే బేరింగులను పాలిథిన్ కవరులో చుట్టి ఫ్రిజ్జు డీప్ ఫ్రీజరులో పెట్టండి. కరెంటు పొయ్యి మీద మందపాటి ఇనుప పెనం పెట్టి, దాని మీద కేసును బోర్లించి నిదానంగా వేడి చేయండి. దోసెకు పెనం చూసుకున్నట్టే కేసు మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అది 100 డిగ్రీలు దాటిందన్న గుర్తు, అక్కడితో చాలు. అప్పుడు బేరింగు తన బరువుకే టక్కున జారి కూర్చుంటుంది. గ్యాసు మంట ఒకేచోట తగిలిస్తే మాత్రం కేసు మెలి తిరుగుతుంది. వేడి చేసే ముందు పాత సీళ్ళు తీసేయాలి, కొత్తవి కేసు చల్లారాకే వేయాలి.

సీళ్ళ దగ్గర డబ్బు చూడొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. పాత రకం రబ్బరును అది గట్టిపరుస్తుంది, లేదా ఉబ్బిస్తుంది. వైటాన్ రబ్బరు సీళ్ళు దొరికితే అవే వేయండి. ఎన్నో ఏళ్ళ కిందట తయారై ప్యాకెట్టులో ఉండిపోయిన "ఒరిజినల్" సీలు కంటే నిన్న వచ్చిన మంచి వైటాన్ సీలు మేలు. స్ప్రింగు కనిపించే ముఖం ఏ పక్కకు ఉందో పాతది తీసేముందే ఫోటో తీసుకోండి. ఒత్తిడి ఏ పక్క నుంచి వస్తుందో ఆ పక్కకే స్ప్రింగు ఉండాలి. షాఫ్టు మీద పాత సీలు పెదవి తిరిగినచోట గోరు తగిలేంత గాడి పడి ఉంటే, కొత్త సీలును గూటిలో ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టండి, కొత్త చోట ఆనుతుంది. పెదవికి గ్రీజు రాసి, షాఫ్టు కీ గాడి మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం చుట్టి తొడగాలి. ఆ గాడి అంచు బ్లేడులా పెదవిని కోస్తుంది, కోసినట్టు కంటికి కనిపించదు కూడా.

కేసు ముఖాలు సరితలంగా ఉన్నాయో లేదో చూడటానికి చాలామంది ఇంట్లో నున్నటి కడప బండ మీద ఎమరీ పేపరు పరిచి రుద్దుతారు. బండ ఎంత పాలిష్ చేసినా చేతికి తెలియని ఎత్తుపల్లాలు ఉంటాయి. 10 మి.మీ. మందం అద్దం ముక్క తెచ్చుకోండి. దాని మీద 400 నంబరు ఎమరీ పేపరు నీళ్ళతో అంటించి, కేసును ఎనిమిది అంకె ఆకారంలో తేలిగ్గా రెండు మూడు సార్లు తిప్పితే ఎత్తుగా ఉన్నచోట్లు మెరుస్తాయి. స్క్రూడ్రైవరు పెట్టి కేసు విడదీసినప్పటి గాట్లు అక్కడే బయటపడతాయి. గాటు చుట్టూ లేచిన లోహాన్ని మాత్రమే తీయాలి, మొత్తం ముఖాన్ని అరగదీయకూడదు. అరగదీస్తే షాఫ్టుల ప్లే మారిపోతుంది. అతికించడానికి మామూలు సిలికోన్ వాడొద్దు. పెట్రోలు తగిలితే ఉబ్బి, పొరలుగా ఊడి, పోర్టుల్లోకి పోతుంది. పెట్రోలుకు తట్టుకునే ప్యాకింగు జిగురును వేలితో పల్చగా రాస్తే సరిపోతుంది.

గేర్‌బాక్సు కేసు మూయకముందే చూడాలి, మూశాక చూడ్డానికి ఏమీ ఉండదు. గేరు జారిపోవడానికి పళ్ళు అరగడం అరుదుగా కారణం. గేరు పక్కన పొడుచుకొచ్చి పక్క గేరును పట్టే డాగ్‌ల మూలలు గుండ్రంగా అరిగిపోవడం అసలు కారణం. కొత్త డాగ్ మూల వేలికి కరుకుగా తగులుతుంది. గుండ్రబడ్డ మూల, లోడు పడగానే పక్కదాన్ని బయటికి నెట్టేస్తుంది. డాగ్ ఉన్న రెండు గేర్లనూ జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది. తర్వాత గేర్లను పక్కకు జరిపే ఫోర్కులు. ఫోర్కు చివర నీలంగా కాలి ఉంటే అది గాడిలో ఒరుసుకుంటూ తిరిగింది, వంగి ఉంటుంది. గాడిలో ఫోర్కుకు 0.1 నుంచి 0.3 మి.మీ. సందు ఉంటే బాగుంటుంది. షాఫ్టుల అటూ ఇటూ కదలిక కూడా దాదాపు అంతే ఉండేలా షిమ్ములు వేయండి. కిక్కు పళ్ళలో మొదటి పన్ను అరిగితే కిక్కు జారుతుంది. జావాలో గేరు లివరే కిక్కు కూడా కాబట్టి దాని షాఫ్టు బుష్షు పోతే గేరూ కిక్కూ రెండూ తేడా చేస్తాయి, ఆయిలు కూడా అక్కడి నుంచే కారుతుంది.

కేసు మూసి బోల్టులు బిగించాక షాఫ్టును చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ వేసి చూడండి. తిప్పకుండా నొక్కితే డాగ్‌లు ఎదురెదురుగా వచ్చి గేరు పడదు, దాన్ని తప్పనుకోకండి. క్రాంకు బిగుసుగా తిరుగుతుంటే రెండు చివరలా రబ్బరు సుత్తితో తేలిగ్గా తట్టండి. బేరింగులు సర్దుకుని వదులవుతుంది. అప్పటికీ వదలకపోతే విప్పి షిమ్ములు చూడాల్సిందే. "తోలితే సెట్టవుతుంది" అన్న మాటను నమ్మొద్దు.

క్లచ్‌లో కార్కు ప్లేట్లను వేసేముందు ఒక రాత్రి గేరు ఆయిలులో నానబెట్టాలి. ఎండు కార్కు వేస్తే మొదటి పది నిమిషాల్లోనే కాలిపోతుంది. స్టీలు ప్లేట్లను ఆ అద్దం మీదే పెట్టి, అంచు కింద 0.2 మి.మీ. ఫీలర్ దూరితే పక్కన పడేయండి. జావాలో గేరు లివరు నొక్కగానే క్లచ్ తనంతట తాను విడుతుంది. ఆ సర్దుబాటులో కాస్త కూడా ఫ్రీప్లే లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి జారుతుంది. ఎక్కువైతే గేరు వేసేటప్పుడు గరగరమంటుంది. ప్రైమరీ చైనుకు టెన్షనరు లేదు, సాగితే చైనునూ స్ప్రాకెట్లనూ కలిపి మార్చడమే.

ఇప్పుడు బోరింగు. జావా 250 బోరు 65 మి.మీ., స్ట్రోకు 75. సిలిండరు ఇచ్చేముందు పిస్టను కొనండి. పిస్టనును కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయించాలి, ప్యాకెట్టు మీది సైజు నమ్మి కాదు. పిస్టనును కింది అంచుకు కొంచెం పైన, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటరుతో కొలవండి. బోరును పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవండి. ఈ సిలిండరుకు 0.06 నుంచి 0.08 మి.మీ. సందు కావాలి. ఫోర్‌స్ట్రోకు బండ్లు చేసి చేసి అలవాటైన చేయి 0.03, 0.04 దగ్గర ఆపేస్తుంది. వాళ్ళ లెక్కలో అది చక్కటి పని. జావాలో అది నాలుగు మూలల గీతలకు దారి. అందుకే సంఖ్యను చీటీ మీద రాసివ్వండి.

వేసవిలో కొలతే మోసం చేయవచ్చు. ఎండలో పెట్టిన పిస్టను 60 డిగ్రీలకు పోయి, నీడలో ఉన్న సిలిండరు 30 దగ్గర ఉంటే, 65 మి.మీ. పిస్టను దాదాపు 0.04 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. మీరు కోరిన సందులో సగం అది. రెండింటినీ రాత్రంతా ఒకే గదిలో పెట్టి తెల్లవారుజామున కొలిచి రాసుకోండి.

బోరింగు అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. రింగు ఆ అంచుకు తగులుకుంటే మొదటి రోజే విరుగుతుంది. సన్నటి గుండ్రటి ఆకురాయితో ప్రతి పోర్టు పై అంచును, కింది అంచును అర మిల్లీమీటరు వాలుగా తీసి, ఎమరీ పేపరుతో నునుపు చేయండి. హోనింగు (బోరును రాళ్ళతో నునుపు చేయడం) తర్వాత బోరును పెట్రోలుతో తుడిస్తే సరిపోదు. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షుతో తోమాలి. ఆరాక ఆయిలు రాసిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ మీద బూడిదరంగు రాకూడదు, వస్తే మళ్ళీ తోమాలి. ఆ బూడిదరంగే రాతిపొడి, వదిలేస్తే అది రింగులను తింటూనే ఉంటుంది. రింగును బోరులోకి దించి, పిస్టనుతో సమంగా నెట్టి చివరల మధ్య సందు కొలవండి. కొత్తదానికి 0.25 మి.మీ. దగ్గర ఉంటే సరి. రింగు గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు చివరలు దానికి రెండు పక్కలా కూర్చోవాలి. పిస్టను నెత్తి మీది బాణం సైలెన్సరు వైపు. గడ్జన్ పిన్ను లాకులు ఎప్పుడూ కొత్తవే, వాటి నోరు కిందికి. లాకు వేసేటప్పుడు క్రాంక్‌కేసు మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కడం మరవకండి.

ఇంజను ఫ్రేములో ఎక్కించకముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఇది చేసేవాళ్ళు చాలా తక్కువ. ఇంత పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్నే. రెండు సైలెన్సరు పోర్టులనూ, కార్బురేటరు మూతినీ సైకిలు ట్యూబు ముక్కలు, చిన్న రేకులతో మూసేయండి. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ బెజ్జంలో రబ్బరు గొట్టం బిగించి హెడ్డుకు తగిలించండి. దానికి బీపీ చూసే యంత్రం గుబ్బ, గడియారం కలపండి. పిస్టనును పూర్తిగా కిందికి దించండి, అప్పుడు పై గదీ కింది గదీ ఒకటవుతాయి. ముల్లు 280కి వచ్చేదాకా గుబ్బ నొక్కి వదిలేయండి. ఐదు నిమిషాల తర్వాత కూడా ముల్లు దాదాపు అక్కడే ఉండాలి. దిగిపోతుంటే సబ్బు నురుగు తీసుకుని కేసు కలిసేచోట, సిలిండరు అడుగున, హెడ్డు చుట్టూ, డైనమో పక్క సీలు మీద రాస్తూ పోండి. బుడగలు లేచిన చోటే మీ బండి పట్టేయాల్సిన చోటు. ఎక్కడా బుడగ లేకుండా ముల్లు దిగుతుంటే గాలి క్లచ్ పక్క సీలు గుండా గేర్‌బాక్సులోకి పోతోంది. గేర్‌బాక్సు ఆయిలు మూత దగ్గర నురుగు పెడితే తెలిసిపోతుంది.

టైమింగు కంటితో పెట్టొద్దు. ప్లగ్గుకు నిప్పు పంపే పాయింట్ల సందు 0.4 మి.మీ. పెట్టాకే టైమింగు చూడాలి, ఎందుకంటే సందు మారితే టైమింగు కూడా మారుతుంది. ప్లగ్గు బెజ్జంలో వెర్నియరు లోతు కడ్డీనో డయల్ గేజో పెట్టి టాప్ సెంటర్ (పిస్టను పూర్తిగా పైకి వచ్చే చోటు) పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ మీ మోడలు మాన్యువల్లో ఉన్న దూరానికి రండి. పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెడితే, సరిగ్గా ఆ క్షణానికి అది వదులై జారాలి. ఈ ఇంజనులో అర మిల్లీమీటరు తేడా దాదాపు 2 డిగ్రీలు.

ఈ20 మరో పని కూడా చేస్తుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల అదే జెట్టుతో మిశ్రమం సుమారు 8 శాతం పల్చబడుతుంది. మెయిన్ జెట్టును ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూడండి. ఆయిలు జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తున్న 2టీ ఆయిలు వాడండి. మొదటి 500 కిలోమీటర్లు లీటరుకు 50 మి.లీ., తర్వాత 40 మి.లీ. "కొత్త ఇంజను కదా" అని 80, 100 పోసేవాళ్ళున్నారు. జెట్టు గుండా పోయేది కొలతే. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గి మిశ్రమం పల్చబడుతుంది, కాపాడదామని పోసిందే కాలుస్తుంది.

మొదటిరోజు మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, చేయి పెట్టగలిగేంత కాదు, పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. ఇలా మూడుసార్లు చేశాక చల్లగా ఉండగానే హెడ్డు నట్లు ఐమూలగా, కొంచెం కొంచెంగా మళ్ళీ బిగించండి. రన్నింగుకు పొద్దున్నే ఎనిమిదిలోపు గుత్తి దాకా పోయి రావచ్చు. 50 దాటకుండా, కానీ ఒకే వేగంలో అంటిపెట్టుకోకుండా తోలండి. ఆషాఢం గాలికి ఎదురుగా హైవే మీద పోతే ఇంజనుకు అది ఎత్తు ఎక్కడంతో సమానం, ఆ నెలలో రన్నింగుకు పల్లె దారులే మంచివి. పెనుకొండ లాంటిచోట దిగుడులో యాక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో జారనివ్వకండి. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ పట్టండి, లేదా మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటరు ఇవ్వండి.

వంద కిలోమీటర్లయ్యాక, లోడు మీద నడుస్తున్నప్పుడే స్విచ్చి ఆపి క్లచ్ పట్టి పక్కకు తీసి, ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ వేరుశనగ కాయ తొక్క రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే ఆ రోజుకు ఇక తోలకుండా జెట్టు మార్చండి, మార్చినా తెల్లగానే వస్తే బీపీ గుబ్బ మళ్ళీ బయటికి తీయండి.